మెట్లెక్కే కాలు

మార్చి 9, సోమవారం
మధ్యాహ్నం

బావకు నమస్కారాలతో,

ఉత్తరమంటే ముందు క్షేమం అడగాలి, తిట్లు తర్వాత. ఆ మాత్రం మర్యాద నాకూ తెలుసు కాబట్టి అడుగుతున్నాను. చెల్లెమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నీ బీపీ మాత్రలు నువ్వే గుర్తుపెట్టుకుని వేసుకుంటున్నావా, లేక ఇప్పటికీ చెల్లెమ్మ నీళ్ళగ్లాసు పట్టుకుని నీ వెనకాల తిరగాల్సిందేనా? కొత్త డిపోలో నీకు మంచి బండే ఇచ్చారని తెలిసింది. సంతోషం. ఇక్కడ మీ చెల్లెలు బాగుంది. నీ మేనకోడలు బాగుంది, చదువు తప్ప అన్నీ చేస్తోంది. నా తల కూడా బాగానే ఉందంటున్నారు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. ఇంట్లో బాగాలేనిది నా కుడి కాలొక్కటే. ఈ ఉత్తరం దాని గురించే.

మర్యాద అయిపోయింది. ఇక అసలు సంగతి. నీ మీద నాకు ఒళ్ళు మండిపోతోంది బావా.

నేను ఫోను చేస్తే ఎత్తవు. మీ చెల్లెలు చేస్తే మాత్రం మొదటి రింగుకే ఎత్తి, ఏమ్మా బాగున్నావా అంటావు. మొన్న ఆవిడ చేతిలోంచి లాక్కుని నేను హలో అన్నానో లేదో, చార్జింగు అయిపోతోందమ్మా అని పెట్టేశావు. నా గొంతు వింటేనే నీ ఫోనుకి చార్జింగు అయిపోతుందా? అందుకే కాగితం పట్టుకున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయడానికి వీల్లేదు. చించి పారేస్తావేమో తెలియదు గానీ, చించే ముందు చదువుతావని తెలుసు. గోడల మీద సబ్బు ప్రకటనలు కూడా వదలకుండా పైకి చదువుకుంటూ బండి తోలే మనిషివి, నీ పేరు మీద వచ్చిన ఉత్తరం చదవకుండా ఎలా ఉంటావు?

వరసకి నువ్వు నాకేమీ కావు. నువ్వు డ్రైవరువి, నేను కండక్టర్ని, అంతే. మొదటి రోజు నేను గంట కొట్టడం ఆలస్యమైతే, ఏం బావా, బండి కదలాలంటే నిన్ను బతిమాలుకోవాలా అని అరిచావు. ఆ రోజు నోటికొచ్చిన బావ అలాగే ఉండిపోయింది. నా భార్య నీకు చెల్లెలైంది, నీ భార్య నాకు చెల్లెమ్మ అయింది, నా కూతురు నిన్ను మావయ్యా అని పిలుస్తూ పెరిగింది. పదకొండేళ్ళు ఒకే బండి మీద తిరిగాం. మీ ఇంట్లోవాళ్ళ మొహాల కంటే నా మొహమే ఎక్కువ చూశావని చెల్లెమ్మ దెప్పేది కూడా.

నా టికెట్లు కొట్టే పద్ధతి నీకు చెప్పక్కర్లేదు. మిగతా కండక్టర్లు జనాన్ని తోసుకుంటూ ముందుకి నడుస్తారు, వీళ్ళ వెనకాల ఎవడెక్కాడో వీళ్ళకే తెలియదు. నేను మొహం వెనక తలుపు వైపు పెట్టి, వీపు నీ వైపు పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ నీ సీటు దాకా వచ్చేవాణ్ణి. నా కళ్ళు కప్పి ఒక్కడు ఎక్కింది లేదు, టికెట్టు లేకుండా ఒక్కడు దిగింది లేదు. వెనక్కి నడిచే కండక్టర్ని ఇప్పుడే చూస్తున్నానురా నాయనా అని నువ్వు నవ్వావు. ఆ నడకే ఇప్పుడు నా కొంప ముంచింది.

ఆ రోజు సంగతి మళ్ళీ చెప్పను, నువ్వూ అక్కడే ఉన్నావు. సందులోంచి సైకిలమ్మాయి ఒక్కసారిగా అడ్డం వచ్చింది, నువ్వు బ్రేకు వేశావు, నా రెండు చేతుల్లోనూ టికెట్లూ చిల్లరా ఉన్నాయి, నీ సీటు వెనకున్న ఇనప కడ్డీకి నా తల వెనకభాగం కొట్టుకుంది. ఆ బ్రేకు వేసినందుకు నీ మీద నాకు ఇసుమంత కోపం లేదు. ఇప్పుడూ అదే చోట అదే పిల్ల వస్తే, నేను అదే కడ్డీ ముందు నిలబడి ఉన్నా సరే, నువ్వు బ్రేకు వెయ్యాలి. దీన్నీ దాన్నీ కలపకు. నా కోపం వేరే దాని మీద.

ఆసుపత్రిలో కుట్లు వేశారు, కొన్నాళ్ళు కళ్ళు తిరిగాయి, తగ్గింది, డ్యూటీలోకి వచ్చాను. నీ తలకేం కాలేదు, కడ్డీకే సొట్ట పడిందని డిపో అంతా చెప్పుకుని నవ్వావు. నేనూ నవ్వాను. నాలుగైదు నెలలు గడిచాక కుడి బూటు ఒక పక్కనే అరగడం మొదలైంది. బూటు మంచిది కాదేమో అనుకుని కొత్తది కొన్నాను. అదీ అలాగే అరిగింది. ఆ తర్వాత తెలిసింది, అరగదీస్తున్నది నా పాదమేనని. అడుగు ముందుకి వేయబోతే చాలు, పాదం లోపలికి తిరిగిపోతుంది, వేళ్ళు ముడుచుకుపోతాయి, మడమ నేలకి ఆనదు. తడిబట్ట పిండినట్టు ఎవరో నా కాలు పట్టుకుని మెలితిప్పుతున్నట్టు ఉంటుంది. నేను తిప్పట్లేదు బావా. వద్దురా వద్దురా అంటున్నా అదే తిరుగుతుంది. వద్దన్న కొద్దీ ఇంకా తిరుగుతుంది.

బండిలో ఒకసారి నిండు చూలాలి మీద పడబోయి, తప్పించబోయి ఒక ముసలావిడ ఒళ్ళో పడ్డాను. ఈ వయసులో నీకు సిగ్గుండక్కర్లేదా అని ఆవిడ బండి బండంతా వినేలా కడిగేసింది. అది నువ్వు అద్దంలో చూశావు. చూసి నవ్వావు, తర్వాత నవ్వడం మానేశావు. ఆ సాయంత్రమే నన్ను డాక్టరు దగ్గరికి పొమ్మన్నది నువ్వే.

ఇక్కడినించీ నా కష్టాలు మొదలు. జబ్బు వస్తే రావచ్చు, కాస్త నమ్మేలా రావాలి కదా. నాది ఎలా వచ్చిందో చూడు. కూర్చుంటే కాలు పసిపిల్లలా పడుకుంటుంది. వెనక్కి నడిస్తే ఇబ్బందే లేదు, తిన్నగా పడుతుంది. మెట్లెక్కమంటే గబగబా ఎక్కేస్తుంది. చదునైన నేల మీద ముందుకి నడవమంటేనే దానికి పిచ్చెక్కుతుంది. ఈ మాట ఎవరికైనా చెప్పి చూడు, ఆ మొహంలోకి ఒక చిన్న నవ్వు వస్తుంది. ఆ నవ్వు చూస్తే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. ఒకసారి కొట్టుకున్నది చాలక.

నలుగురు డాక్టర్లు తిరిగాక ఐదో డాక్టరమ్మ దొరికింది. దీన్ని డిస్టోనియా అంటారంది. తలకి దెబ్బ తగిలాక ఇది రావడమే అరుదు, వచ్చినా ఇలా ఏరుకుని ఒక్క నడకనే పట్టుకోవడం ఇంకా అరుదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు మెరిశాయి. వెంటనే తన శిష్యులందర్నీ పిలిచింది. ముందుకి నడవండి, ఇప్పుడు వెనక్కి నడవండి, ఇప్పుడు మెట్లెక్కండి. వాళ్ళు ఆహా ఓహో అని గుడ్లప్పగించి చూస్తుంటే, దీనికీ టికెట్లు కొట్టనా అని అడిగాను. 

నాకర్థమైంది నీకు చెప్తాను. నా కాలు బాగానే ఉందట. ఎముకా బాగుంది, కండా బాగుంది. మెదడులో, బాగా లోతున, ఒక చిన్న మచ్చ ఉందట. దెబ్బ మానేటప్పుడు అక్కడి తీగలు తప్పుగా అతుక్కున్నాయట, అందుకే కాలి మీదికి రావడానికి అన్ని నెలలు పట్టింది. మనకి ముందుకి నడవడం, వెనక్కి నడవడం, మెట్లెక్కడం అన్నీ నడకే. మెదడుకి మాత్రం మూడూ మూడు పనులు. నాలో చెడింది ఒక్కటే. అంటే మొదటి గేరు పడట్లేదు, రివర్సు బాగానే పడుతోంది, అంతేనా అమ్మా అన్నాను. అంతే అంది. నువ్వు నా పక్కనుంటే నీకు ఇంకా త్వరగా అర్థమయ్యేది.

అర్థమైతే ఏం లాభం? ఇంటికొస్తే ఒక్కొక్కరూ ఒక్కో డాక్టరు. మా బావమరిది, అదే మీ చెల్లెలి తమ్ముడు, మనసులో గట్టిగా అనుకోండి బావగారూ, నేను నడుస్తాను నడుస్తాను అనుకోండి, తన్నుకుంటూ వస్తుంది నడక అన్నాడు. గట్టిగా అనుకున్నాను. పాదం ఇంకో చుట్టు తిరిగింది. పక్కింటాయన బూట్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి వేసుకోమన్నాడు. అదీ చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఎదురింటావిడ ఇంకా నయం, వెనక్కి నడవడం వచ్చు కదా, వెనక్కే నడవండి, కాళ్ళు మీవే కదా అంది.

సరే, అదీ చూద్దామని ఒక రోజు కొట్టు దాకా వెనక్కే నడిచి వెళ్ళాను. నీ మేనకోడలు నాకు దారి చూపిస్తూ, మనం బండిని షెడ్డులోకి రివర్సు తీసేటప్పుడు నేను అరిచేవాణ్ణే, అచ్చం అలాగే, రానీ, రానీ, కుడికి కొట్టు, చాల్ చాల్ అని అరుచుకుంటూ వచ్చింది. నా నడుము మీద చెయ్యి వేసి బండి ఒంటి మీద కొట్టినట్టు రెండు దెబ్బలు కూడా వేసింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇంటికొచ్చాక అది లోపలికెళ్ళి తలుపేసుకుంది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పట్నించీ నేను కొట్టుకి వెళ్ళడం మానేశాను.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తున్నాను.

డిపోలో రూలు నీకు తెలుసు. డ్యూటీలో తగిలిన దెబ్బ వల్ల జబ్బొస్తే కూర్చునే పని ఇస్తారు. మామూలు జబ్బయితే ఇంటికి పొమ్మంటారు. నటిస్తున్నాడని తేలితే మచ్చ వేసి మరీ పంపిస్తారు, ఇక ఎక్కడా ఎవరూ పని ఇవ్వరు. నాకు ఇల్లు గడవాలి, అది ఒకటి. ఇన్నేళ్ళూ ఒక్క టికెట్టు దొంగలెక్క రాయని వాణ్ణి దొంగ అనిపించుకుని పోలేను, అది ఇంకొకటి. రెండోదే నన్ను ఎక్కువ కాల్చేస్తోంది.

విచారణ అని మేడ మీది ఆఫీసుకి పిలిచారు. కర్ర పట్టుకుని, ఆ ఆవరణంతా కాలు ఈడ్చుకుంటూ, చెమటలు కక్కుకుంటూ మెట్ల దాకా వచ్చాను. మెట్లు కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇక్కడ కాలు నా మాట వింటుంది కదా అని, కర్ర చంకలో పెట్టుకుని చకచకా ఎక్కేశాను. రోజంతా ఎండలో నడిచిన వాడికి నీడ కనిపిస్తే పరుగెత్తడా? నువ్వు అప్పుడు బండి కడిగే చోట నిలబడి ఉన్నావు. నేను నిన్ను చూసి చెయ్యి కూడా ఊపాను.

ఆ తర్వాత నిన్ను పైకి పిలిచారు. మన డిపో మేనేజరు, వాచీ చూడకుండా ఒక్క మాటైనా మాట్లాడడని మనం గడియారం అని పేరు పెట్టిన ఆ పెద్దమనిషి, నిన్ను అడిగాడు, ఇతను మెట్లెక్కడం మీరు చూశారా అని. చూశానండి అన్నావు. ఎలా ఎక్కాడు అని అడిగాడు. మునుపటిలాగే ఎక్కాడండి అన్నావు. ఇంకేమైనా చెప్పాలా అంటే, నువ్వు నా వైపు చూసి, నీళ్ళు నమిలి, ఏమీ లేదండి అని వెళ్ళిపోయావు.

మునుపటిలాగే ఎక్కాడు! ఈ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతోంది బావా. అన్నం తింటుంటే వినిపిస్తుంది, పళ్ళు తోముకుంటుంటే వినిపిస్తుంది. అందులో అబద్ధముంటే నీ చొక్కా పట్టుకుని అడిగేవాణ్ణి. అబద్ధం లేదే! మునుపటిలాగే ఎక్కాను. ఒకప్పుడు చెకింగు వాళ్ళు బండెందుకు ఆలస్యమైంది అని అడిగితే, మా కండక్టరు టీ తాగుతున్నాడండి అని నా ముందే చెప్పి, నాకు మెమో ఇప్పించిన మనిషివి. అప్పుడు నవ్వుకున్నాను. నోట్లోంచి నిజం తప్ప రాని మనిషి దొరికాడు, ఏం చేస్తాం అనుకున్నాను. ఈసారి మాత్రం సగం నిజమే చెప్పావు. మెట్లు చూశావు సరే. ఆ మెట్ల దాకా నేను ఎలా వచ్చానో నువ్వు చూడలేదా? ఆవరణలో నేను పడుతున్న పాట్లు చూడలేదా? అడగలేదు కాబట్టి చెప్పలేదంటావు. అడగలేదని ఊరుకుంటావా? ఆ ముసలావిడ ఒళ్ళో నేను పడ్డప్పుడు కూడా నిన్నెవరూ అడగలేదు, అయినా డిపో అంతా చెప్పావు కదా!

నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో నీకు తెలియదు. గడియారం నన్ను వరండాలో నడిపించాడు. ఆఫీసు వాళ్ళంతా కుర్చీలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. ముందుకి నడిచాను, గోడ పట్టుకుని. వెనక్కి నడవమన్నారు, నడిచాను, ఎక్కడా తడబడకుండా. ఒకడు పక్కవాడి డొక్కలో పొడిచాడు. ఎవరికి పుట్టిన బుద్ధో, టికెట్ల సంచీ భుజాన తగిలించుకుని నడవమన్నారు. తగిలించుకున్నాను. బావా, సంచీ భుజాన పడగానే కాలు కాస్త మెత్తబడింది. కొన్ని అడుగులు దాదాపు తిన్నగా వేశాను, ఆ తర్వాత మళ్ళీ మెలిక. ఒంటి మీద ఏదో ఒక బరువో స్పర్శో తగిలితే ఈ జబ్బు కాసేపు మోసపోతుందని, అది ఈ జబ్బు గుణమేనని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. కానీ ఆ వరండాలో డాక్టరమ్మ లేదుగా. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు ఆ చూపు కంటే ఆ ఇనప కడ్డీయే నయమనిపించింది.

మర్నాటికి నా లాకరు మీద ఎవడో రివర్సు గేరు అని రాశాడు. అది తుడవడానికి వెళ్తే ఇంకొకడు, అన్నా, ముందుకి నడవలేకపోతే జీతం కూడా వెనక్కి ఇచ్చేస్తారా అన్నాడు. నువ్వుంటే వాడి నోరు మూయించేవాడివి అనుకున్నాను. అనుకుని నీ కోసం చూస్తే, బదిలీ అడిగి పుచ్చుకుని వెళ్ళిపోయావని చెప్పారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. మొహం చాటేశావు. మీ చెల్లెలితో మాత్రం, నేను ఉన్నదే చెప్పానమ్మా, కానీ బావ మొహం చూడలేకపోతున్నాను అన్నావట. ఉన్నది చెప్పినవాడు మొహమెందుకు చూడలేడు? ఇది నాకు అర్థం కావట్లేదు. నీకైనా అర్థమైందా?

సరే, ఇప్పుడు నీతో పని పడింది. వచ్చే వారం గురువారం పొద్దున నా మీద రెండో విచారణ ఉంది. తాడో పేడో ఆ రోజు తేలిపోతుంది. నువ్వు రావాలి. బుధవారమే మా ఇంటికి వచ్చెయ్. చెల్లెమ్మనీ తీసుకురా, మీ చెల్లెలికి మాట్లాడే మనిషి దొరికి చాలా రోజులైంది. నువ్వు కుర్చీ వేసుకుని కూర్చో. నేను నడుస్తాను. హాల్లో నడుస్తాను, వీధిలో నడుస్తాను, కర్రతో, కర్ర లేకుండా, సంచీతో, సంచీ లేకుండా, నువ్వెలా నడవమంటే అలా. నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు, నేను టీ తాగుతుండగా లే అన్నా లేస్తాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడు. మర్నాడు పైకి వచ్చి ఆ మిగతా సగం చెప్పు. నా తరఫున ఒక్క మాట మాట్లాడొద్దు. పాపం అనొద్దు, మంచివాడు అనొద్దు, పిల్ల చదువుకుంటోంది అనొద్దు. ఏది చూశావో అదే చెప్పు.

రాకపోతే మాత్రం, మన మధ్య ఇక బావా లేదు, బామ్మర్దీ లేదు. కోపంలో రాస్తున్న మాట కాదు ఇది. కోపంలోనే రాస్తున్నాను గానీ, నిజంగానే అంటున్నాను.

చెల్లెమ్మకి నా నమస్కారాలు చెప్పు. మాత్రలు వేసుకో. 

ఇంకా నీ మీద కోపంగానే ఉన్న,
నీ బావ

తా.క. ఉత్తరం మడతపెట్టి అంటించబోతుంటే మీ చెల్లెలు లాక్కుని చదివింది. అంతా చదివి, గురువారం విచారణేమిటండీ, ఆ గొడవ పోయిన నెలలోనే తేలిపోయింది కదా అంది. 

నిజమే బావా. గురువారం ఏ విచారణా లేదు. ముగ్గురు డాక్టర్లు కూర్చుని, నాది నిజమైన జబ్బేననీ, డ్యూటీలో తగిలిన దెబ్బ వల్లే వచ్చిందనీ రాసిచ్చేశారు. పాసులిచ్చే కిటికీ దగ్గర కూర్చునే పని ఇచ్చారు. గడియారం మా ఇంటికొచ్చి, ఏమీ అనుకోకండి అని చేతులు పట్టుకున్నాడు, వాచీ కూడా చూడలేదు. లాకరు మీద రాసినవాడు తానే వచ్చి తుడిచాడు. ఇదంతా నీకు చెప్పొద్దని మీ చెల్లెలి చేత నేనే ఒట్టు వేయించుకున్నాను. చెప్తే నువ్వు హమ్మయ్య అనుకుని ఇక రావేమోనని.

ఆ కబురు ఫోనులో వచ్చినప్పుడు నేను హాల్లో కుర్చీలో ఉన్నాను. మీ చెల్లెలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఒసేయ్, గెలిచామే అని అరుచుకుంటూ లేచి వెళ్ళాను. పెరటి గుమ్మం దగ్గరికొచ్చాక తెలిసింది, నడిచొచ్చానని. ముందుకి. తిన్నగా. కర్ర కుర్చీ దగ్గరే ఉంది. కిందికి చూశాను. చూడగానే పాదం మెలికపడిపోయింది, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. తను సంతోషంతో ఏడుస్తోంది, నా కాలు చూడలేదు.

డాక్టరమ్మకి చెప్పాను. అలా జరుగుతుందండీ, ఒక్కోసారి ఆనందంలో, కంగారులో మెదడు జబ్బుని మర్చిపోతుంది, అది నటన కాదు అంది. ఆవిడ మంచిది. కానీ ఆవిడ నన్ను నమ్మాలని ముందే నిశ్చయించుకుంది. మీ చెల్లెలి సంగతి చెప్పనే అక్కర్లేదు, నాకు రెక్కలు మొలిచాయన్నా కిటికీలు తీసిపెడుతుంది. అందరూ నమ్మేశారు బావా. నన్ను అనుమానించేవాడు ఇప్పుడు ఒక్కడే మిగిలాడు, వాడు నేనే. పేపరు చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి లేచి అడుగేస్తాను, నా కాలిని దొంగతనంగా పట్టుకుందామని. ప్రతిసారీ పాదం తిరుగుతుంది. అదే తిరుగుతోందా, నేనే తిప్పుతున్నానా? లోపల కూర్చుని చూస్తుంటే నాకు తెలియట్లేదు. పిచ్చెక్కిపోతోంది.

నేను మునిగిపోతానని తెలిసి కూడా చూసింది చూసినట్టు చెప్పినవాడివి నువ్వొక్కడివే. నిన్ను అన్ని తిట్లూ తిట్టింది అందుకే, అడుగుతున్నదీ అందుకే. బుధవారం రా. నేను నడుస్తాను, నువ్వు చూడు. దొంగ అనిపిస్తే నా మొహం మీదే చెప్పు. కాదనిపిస్తే అదీ చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాను.